అమిగా 1200లో యాక్సిలరేటర్ కార్డు మార్చే ముందు కరెంటు చూసుకోండి

నేనుండేది జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో. ఒకప్పుడు కమోడోర్ కంపెనీకి ఈ ఊళ్లో ఫ్యాక్టరీ ఉండేది. నా అమిగా 1200 ఇక్కడి పాతసామాన్ల సంతలోనే దొరికింది. 1992లో కమోడోర్ తెచ్చిన ఇంటి కంప్యూటరు అది. 14 మెగాహెర్ట్జ్ 68ఈసీ020 ప్రాసెసరు, 2 మెగాబైట్ల మెమరీ. నేను కొనేటప్పటికే అడుగున 8 మెగాబైట్ల మెమరీ కార్డు ఉంది. దాన్ని తీసేసి యాక్సిలరేటర్ కార్డు, అంటే మిషను వేగం పెంచే కార్డు పెట్టాను. అది ఫేజ్5 కంపెనీ వాళ్ల బ్లిజార్డ్ 1230 మార్క్ 4: 50 మెగాహెర్ట్జ్ 68030 ప్రాసెసరు, మెమరీకి ఒక 72 పిన్నుల స్లాటు, మ్యాథ్ చిప్పుకి (దశాంశ లెక్కలు వేగంగా చేసే చిప్పు) ఒక సాకెట్టు.

వేగం ఎక్కడినుంచి వస్తుందో ముందు చెప్తాను. మిషనులో ఉన్న 2 మెగాబైట్ల చిప్ మెమరీని బొమ్మ గీసే చిప్పులూ, ప్రాసెసరూ పంచుకుంటాయి. ఒకే బావి దగ్గర ఇద్దరు నీళ్లు తోడుతుంటే ఒకరు ఆగాల్సిందే కదా, అలాగన్నమాట. కార్డు మీదుండే ఫాస్ట్ మెమరీ ప్రాసెసరుకి సొంత బావి. అందుకే మెమరీ లేకుండా ఒట్టి 68030 కార్డు పెట్టుకుని లాభం లేదు. నా పాత కార్డుతో ఇంకో చిక్కు కూడా ఉండేది. 68ఈసీ020కి మొత్తం 16 మెగాబైట్ల అడ్రసు చోటే ఉంటుంది, అంటే అంతకు మించి అది చేరుకోలేదు. ఆ 8 మెగాబైట్లు మిషను పక్కనున్న పీసీఎంసీఐఏ స్లాటు (బయటి కార్డులు దూర్చే సందు) చోటులోకి వచ్చేస్తాయి, ఇక స్లాటు పనిచేయదు. 68030 కార్డులో మెమరీ ఆ 16 దాటి బయట కూర్చుంటుంది కాబట్టి స్లాటు మళ్లీ పనికొస్తుంది.

తెనాలిలో మా నాన్నగారు రేడియోలు బాగుచేసేవారు. ఏ పెట్టె తెచ్చినా "ముందు కరెంటు చూడు, తర్వాత పార్టు చూడు" అనేవారు. నేను ఆ మాట మర్చిపోయాను. కొత్త కార్డు పెట్టిన రాత్రి అమిగా మొదటి తెర అయిన వర్క్‌బెంచ్ సగం దాకా వచ్చి మిషను రీసెట్ అయ్యేది. మళ్లీ వచ్చేది, మళ్లీ రీసెట్. కార్డు పోయిందని మూడు రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి మల్టీమీటరు తీసి ఫ్లాపీ డ్రైవు కరెంటు కనెక్టరు దగ్గర 5 వోల్టుల పిన్నుకీ గ్రౌండుకీ మధ్య కొలిస్తే 4.6 చూపించింది. 1200తో వచ్చిన తేలిక సప్లై 5 వోల్టుల లైన్లో 3 ఆంపియర్లే ఇస్తుంది, పైగా నాది ముసలిదైపోయింది. కొత్త సప్లై పెట్టగానే 5.02కి వచ్చింది. ఆ తర్వాత రీసెట్ లేదు.

మీరు కూడా మొదట ఇదే కొలవండి. కార్డు లేకుండా ఒకసారి, పెట్టాక డిస్కు తిరుగుతుండగా ఇంకోసారి. 4.75 కంటే తగ్గితే ముందుకు పోవద్దు. అమిగా 500 నాటి బరువైన ఇటుక లాంటి సప్లై 4.5 ఆంపియర్లు ఇస్తుందని చాలామంది అదే వాడతారు. దాని వయసు కూడా తక్కువేం కాదు కాబట్టి దాన్నీ కొలిచాకే తగిలించండి.

ఈ కొలత కోసం పైమూత తీశారు కదా, బోర్డు మీద గుండ్రటి చిన్న కెపాసిటర్లనీ చూడండి. కాళ్ల దగ్గర మసకబారి, జిగురుగా ఉంటే లీకవుతున్నట్టే. సౌండు బాగా తగ్గిపోయినా అనుమానించాలి. సోల్డరింగ్ ఐరన్ తగిలించినప్పుడు చేపల వాసన వస్తే ఇక సందేహమే లేదు. వాటిని మార్పించకుండా కార్డు పెట్టకండి.

మెమరీకి 60 లేదా 70 నానోసెకన్లది తీసుకోండి. ఎత్తు తక్కువున్నది చూసుకోండి, లేకపోతే అడుగు మూత పడదు. 128 మెగాబైట్ల దాకా పెట్టొచ్చు కానీ నాకు 32 మెగాబైట్లు బోలెడు. మ్యాథ్ చిప్పు 68882 కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. పాత అక్షరాలు చెరిపేసి, ఎక్కువ వేగం ఉన్నట్టు కొత్తగా అచ్చువేసినవి అమ్ముతున్నారు. ఆటలకి ఇది అక్కర్లేదు, రే ట్రేసింగ్ (వెలుగు దారిని లెక్కగట్టి బొమ్మ గీయడం) లాంటివి చేస్తేనే తేడా తెలుస్తుంది. చిప్పు మీద మొదటి పిన్ను గుర్తునీ సాకెట్టు గుర్తునీ కలిపి, నాలుగు మూలలా సమంగా నొక్కండి. తిరగేసి పెడితే చిప్పు కాలిపోతుంది.

ఇక కార్డు సంగతి. అన్ని వైర్లూ పీకేసి, టవల్ పరిచి మిషన్ని బోర్లించండి. అడుగు మూత తీసి, పాత కార్డుని రెండు చివర్లా పట్టుకుని అటూఇటూ కొంచెం కొంచెం కదుపుతూ లాగండి. స్క్రూడ్రైవరుతో పెకలించవద్దు, పక్కన బోర్డు మీదున్న సన్నటి రాగి గీతలు తెగిపోతాయి. బోర్డు అంచున 150 బంగారు కాంటాక్టులు కనిపిస్తాయి. వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన గుడ్డతో తుడిస్తే నల్లగా మురికి వస్తుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. కొత్త కార్డుని రెండు బొటనవేళ్లతో సమంగా తోయండి. చివరి రెండు మూడు మిల్లీమీటర్లు గట్టిగానే ఉంటుంది. టార్చి వేసి చూస్తే రెండు చివర్లా సందు ఒకేలా ఉండాలి. ఒకవైపు ఎక్కువుంటే నల్ల స్క్రీనే వస్తుంది.

మొదట మెమరీతో మాత్రమే ఆన్ చేయండి, మ్యాథ్ చిప్పు తర్వాత పెట్టుకోవచ్చు. కమాండ్లు టైపుచేసే విండో, అంటే షెల్‌లో అవైల్ అని కొడితే ఫాస్ట్ వరుసలో మాగ్జిమమ్ కింద దాదాపు 3 కోట్ల 35 లక్షల బైట్లు కనపడాలి, 32 మెగాబైట్లంటే అంతే. సీపీయూ అని కొడితే 68030, చిప్పు పెట్టాక దాని పక్కన 68882 చూపిస్తుంది. పాత ఆట ఏదైనా ఈ వేగానికి తట్టుకోలేకపోతే, రీసెట్ చేస్తూ 2 అంకె కీ నొక్కిపట్టండి. కార్డు పక్కకి తప్పుకుని పాత 020 పనిచేస్తుంది. అడుగు మూత మాత్రం మిషను ఒక రాత్రంతా ఆగకుండా నడిచాకే వేయండి.