రీకండిషన్ చేసిన పాత కారు ఇంజన్: ముందు గుర్తింపు, తర్వాతే రిపేరు

తళతళలాడే కొత్త రంగు చూసి ఇంజన్ బాగా రీకండిషన్ (విప్పి, అరిగినవి సరిచేసి మళ్లీ కట్టడం) అయిందని నమ్మకండి. బోరు (పిస్టన్ కదిలే సిలిండర్ రంధ్రం) ఎంత పెంచారు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎంత గ్రైండ్ చేశారు అన్నది తెలియకుండా లోపం వెతికితే బాగున్న పార్టులు కూడా మార్చుకుంటూ పోతాం. 0.040 అంగుళం పెంచిన బోరులో స్టాండర్డ్ (అసలు సైజు) పిస్టన్ రింగులు వేస్తే పొగ ఎలా తగ్గుతుంది?

ఇంజన్ ఎవరిదో, ఏ సైజుదో తెలియడం లేదు

బ్లాక్ మీద రెండు నంబర్లుంటాయి. పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చింది క్యాస్టింగ్ నంబరు. అది బ్లాక్ రకాన్ని చెబుతుంది. పంచ్‌తో కొట్టింది, లేదా రేకు మీద ఉన్నది ఇంజన్ నంబరు. బ్రిటన్‌లో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) సంస్థ రీకండిషన్ చేసి అమ్మిన ‘గోల్డ్ సీల్’ ఇంజన్లకు బంగారు రంగు, ‘సిల్వర్ సీల్’ ఇంజన్లకు వెండి రంగు వేసేవారు. కాబట్టి మోరిస్ మైనర్ కారులో బంగారు రంగు ఇంజన్ కనబడితే అది ఎవరో సరదాకి వేసిందే కానక్కరలేదు. అలాగని రంగొక్కటే రుజువూ కాదు.

షెవ్రొలే స్మాల్ బ్లాక్‌లో నంబరు కొట్టిన చోటు డెక్ తలంలోనే (హెడ్ కూర్చునే బ్లాక్ పైముఖం) భాగం. డెక్ ప్లేన్ చేస్తే నంబరు కూడా చెరిగిపోతుంది. కనుక నంబరు లేనంత మాత్రాన మోసమని అనలేం. ఫ్యాక్టరీ మెషిన్ గీతలు లేని నున్నటి చోట నంబరు మాత్రం కొత్తగా మెరుస్తుంటే అనుమానించాల్సిందే.

సైజు తెలియాలంటే ప్లగ్ రంధ్రంలోంచి బోర్‌స్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) దించి పిస్టన్ తల చూడండి. మసి కింద 020, 040, 060 అనో, 0.50, 1.00 అనో ఉండొచ్చు. మొదటివి అంగుళంలో వెయ్యో వంతులు, తర్వాతివి మిల్లీమీటర్లు. క్రాంక్ సంగతికి సంప్ (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దించి ఒక్క బిగ్ ఎండ్ క్యాప్ (పిస్టన్ రాడ్‌ను క్రాంక్‌కి పట్టి ఉంచే మూత) విప్పితే చాలు. అందులోని షెల్ (బేరింగ్ రేకు) తిరగేసి, వెనక వైపు ఆయిల్‌ని బొటనవేలితో తుడిస్తే STD (స్టాండర్డ్) అనో, 010 అనో, 020 అనో కనిపిస్తుంది. ఆ క్యాప్‌ని తీసిన రాడ్‌కే, తీసిన దిక్కుకే బిగించాలి. అవి ఒకదానికొకటి మార్చుకునేవి కావు.

నీలం పొగ, ఆయిల్ తాగడం

పొగ ఎప్పుడొస్తోందో గమనించండి. రాత్రంతా ఆపి ఉంచి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్. దిగుడులో యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ తొక్కగానే వస్తే వాల్వ్ గైడ్లు (వాల్వ్ కాడ కదిలే గొట్టాలు). లోడ్ మీద ఎడతెగకుండా వస్తే రింగులో, బోరో.

తేల్చుకోవడానికి కంప్రెషన్ చూడండి. ఇంజన్ వేడిగా ఉండాలి. ఇగ్నిషన్ కట్ చేసి, ప్లగ్‌లన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్లగ్ రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి ఒక్కో సిలిండర్‌కి 5, 6 కంప్రెషన్ స్ట్రోకులు తిప్పాలి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే, తక్కువ చూపిన దాంట్లో 5 మి.లీ. ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోయి ఉంటే ముందు హెడ్ గాస్కెట్‌నే అనుమానించండి.

కొత్తగా కట్టిన ఇంజన్‌లో కంప్రెషన్ ఫర్వాలేదు, ఆయిల్ మాత్రం తాగేస్తోంది అంటే చాలాసార్లు కారణం బోరు గ్లేజ్ కావడం. మొదట్లో గంటల తరబడి ఐడిల్‌లో ఉంచితే రింగులను బోరుకి అదిమే ఒత్తిడి పుట్టదు. హోనింగ్ (బోరును రాయితో గీరడం) గీతల్లో ఆయిల్ కాలి గాజుపూతలా గట్టిపడుతుంది. మొదలైన కొత్తలోనైతే మినరల్ రన్నింగ్-ఇన్ ఆయిల్ పోసి, రోడ్డు మీద మధ్య ఆర్‌పీఎమ్‌లో లోడ్ ఇచ్చి వదలడం పదీ పదిహేనుసార్లు చేయండి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచినా తగ్గకపోతే పిస్టన్లు తీసి అడ్డదిడ్డ గీతలు పడేలా హోన్ చేసి, కొత్త రింగులు వేయాలి. హోనింగ్ తర్వాత బోరును పెట్రోలుతో కడిగి వదిలేయకండి, రాయిపొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడి సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి రుద్దండి. ఆయిల్ తడిపిన తెల్లగుడ్డతో తుడిస్తే బూడిదరంగు మరక పడనంతవరకూ కడుగుతూనే ఉండాలి. రింగ్ గ్యాప్ (బోరులో పెట్టినప్పుడు రింగు రెండు కొసల మధ్య సందు) బోరు వ్యాసంలో ప్రతి 25 మి.మీ.కి దాదాపు 0.1 మి.మీ. రింగు మీద TOP గుర్తు పైకి ఉండాలి.

ఆయిల్ ప్రెషర్ తక్కువ

డాష్‌బోర్డ్ గేజ్‌ని నమ్మకుండా మెకానికల్ గేజ్ తగిలించి, వేడి ఇంజన్ మీద చూడండి. ప్రతి 1000 ఆర్‌పీఎమ్‌కి 10 పీఎస్‌ఐ అన్నది మోటు లెక్క. మాన్యువల్ అంకె ఉంటే అదే ప్రమాణం. ముందు రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ ఎక్కువైతే ఆయిల్ వదిలేది) విప్పండి. రీకండిషన్ పని చేసినప్పుడు మిగిలిన చిన్న రజను ఇరుక్కుని ప్లంజర్ మూసుకోకపోవచ్చు. మొదటి స్టార్ట్ నుంచే తక్కువుంటే గ్యాలరీ ప్లగ్ (బ్లాక్‌లోని ఆయిల్ దారి కొసను మూసే బిరడా) వేయడం మరిచారేమో చూడాలి. చివరికి బేరింగ్ సందు: 50 మి.మీ. జర్నల్‌కి (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) సుమారు 0.05 మి.మీ. ప్లాస్టిగేజ్ (నలిగే మెత్తని ప్లాస్టిక్) తీగ పెట్టి, క్యాప్ టార్క్‌కి బిగించి విప్పితే నలిగిన వెడల్పే సందు చెబుతుంది. 010 గ్రైండ్ చేసిన క్రాంక్‌కి స్టాండర్డ్ షెల్స్ పడితే సందు పావు మిల్లీమీటరు పెరుగుతుంది. ప్రెషర్ నిలవదు, నాకింగ్ మొదలవుతుంది.

చప్పుళ్లు

చల్లగా ఉన్నప్పుడు టకటకమని, వేడెక్కాక తగ్గేది పిస్టన్ స్లాప్. బోరుకి పిస్టన్ వదులు. బిగ్ ఎండ్ చప్పుడు వేడెక్కినా పోదు. ఆ సిలిండర్ ప్లగ్ వైరును ఎర్త్ చేస్తే మాత్రం తగ్గుతుంది. లోతుగా, లోడ్ మీద గుడగుడమంటే మెయిన్ బేరింగులు.

క్లచ్ తొక్కగానే ఐడిల్ పడిపోతోందా? పుల్లీ దగ్గర డయల్ గేజ్ పెట్టి క్రాంక్‌ను ముందుకూ వెనక్కూ జరపండి. చాలా ఇంజన్లలో 0.1–0.2 మి.మీ. ఉండాలి. ఎక్కువుంటే థ్రస్ట్ వాషర్లు (క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేవి) అరిగాయి, లేదా తిరగేసి పెట్టారు. ఆయిల్ గాడులు క్రాంక్ వైపే ఉండాలి. ఇలాగే నడిపితే క్రాంక్ బ్లాక్‌నే కోసేస్తుంది, కనుక కారును వెంటనే ఆపేయండి.

టాపెట్ సందు నిలవడం లేదు

టాపెట్ సందు (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఖాళీ) పెరుగుతూ పోతే క్యామ్ లోబ్ (వాల్వును తెరిపించే క్యామ్ ఇరుసు మీది ఉబ్బు) అరుగుతోంది. ఫ్లాట్ టాపెట్ క్యామ్‌ను కొత్తగా వేసినప్పుడు మొదటి 20 నిమిషాలు 2000–2500 ఆర్‌పీఎమ్‌లో నడపాలి, జింక్ ఉన్న ఆయిల్ పోయాలి. డయల్ గేజ్‌తో పుష్‌రాడ్ లిఫ్ట్ మిగతావాటితో పోల్చండి. తగ్గితే క్యామ్, ఫాలోవర్లు (క్యామ్ మీద ఆనే టాపెట్లు) అన్నీ కలిపే మార్చాలి. ఎగ్జాస్ట్ వాల్వులో సందు తగ్గుతూ వస్తే మాత్రం సీసం లేని పెట్రోలుకి సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతోంది. దానికి హెడ్ దించి గట్టి లోహపు సీట్ ఇన్‌సర్టులు వేయించాలి.