అక్టోబర్ కోతలు: మిషన్ దొరికిందని వడ్లు కోయించకండి

మొంథా తుపాను 2025 అక్టోబర్ 28 రాత్రి తీరం దాటింది ఆంధ్రాలో. తెల్లారి మునిగింది మాత్రం మన వరంగల్, హనుమకొండ. భీమదేవరపల్లి మండలంలో ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు మునిగి రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నైరుతి రుతుపవనాలు దేశమంతటి నుంచీ వెళ్లిపోయాయని వాతావరణ శాఖ చెప్పింది అదే నెల 16న. అంటే, ఇక వానలు పోయినట్టేనని అందరూ అనుకున్న పదమూడు రోజులకు కల్లాల్లో వడ్లు నీళ్ల పాలయ్యాయి.

దేశం మొత్తం మీద అక్టోబర్‌లో మామూలుగా పడే వాన 75.4 మిల్లీమీటర్లు. 2025లో 112 దాకా పడింది, 49 శాతం ఎక్కువ. అంతకు ముందు ఏడాది అక్టోబరేమో 1901 నుంచి ఉన్న రికార్డుల్లోనే అన్నిటికన్నా వేడి అక్టోబర్. ఒక ఏడు ఎండ, మరుసటి ఏడు వరద. పైగా ఈ సగటు మన మండలానికి ఏమీ చెప్పదు. దేశం సగటున నెలంతా చూసే వానకు ఐదింతలు భీమదేవరపల్లి మీద ఒక్కరోజులో కురిసింది. దసరా దాటితే వాన ఉండదన్న లెక్కతో కోతలు పెట్టుకునే కాలం పోయింది. అసలు బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా లేచేదే అక్టోబర్, నవంబర్‌లలో. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్, 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్ అన్నీ అక్టోబర్‌వే.

పొంగే వాగు దాటొద్దు, ఉరిమేటప్పుడు చెట్టు కింద నిలబడొద్దు అని ఇక్కడ మళ్లీ రాయను. అవి అందరికీ తెలుసు. రైతును నిలువునా ముంచే తప్పు ఇంకొకటి ఉంది. కోతమిషన్ దొరికిందని వడ్లు కోయించడం.

అది ఎలా జరుగుతుందో ఊళ్లో అందరం చూస్తూనే ఉన్నాం. ఊరికి మిషన్ వస్తుంది. పక్క మడి కోసేశారు, మనది మధ్యలో ఉంది, ఇప్పుడు పోతే మళ్లీ వారం దాకా రాదని టెన్షన్. ఆ గంటలో ఎవరూ ఆకాశం సంగతి అడగరు, కొనుగోలు కేంద్రం తెరిచారో లేదో అడగరు. సాయంత్రానికి ట్రాక్టర్లలో వడ్లు వచ్చి రోడ్డు మీద పడతాయి. ఆ వడ్లలో తేమ ఇరవై దాటి ఉంటుంది, కేంద్రంలో తీసుకునేది 17 శాతం లోపు ఉంటేనే. ఆ తేడా దిగడానికి మూడు నాలుగు మంచి ఎండలు కావాలి. తర్వాత కేంద్రంలో సీరియల్ వచ్చేదాకా, గన్నీ సంచులు, లారీ దొరికేదాకా ఎదురుచూపు. కాంటా అయ్యేదాకా ఆ వడ్ల బరువంతా రైతు నెత్తి మీదే.

చేలో నిలబడి ఉన్న వరి తుపానుకు పడిపోవచ్చు. కొంత పోతుంది, కొంత బురదలోనూ నడిచే చైన్ మిషన్‌తో మళ్లీ చేతికొస్తుంది. రోడ్డు పక్కన పోసిన కుప్ప కాలువలోకి కొట్టుకుపోతే గింజ కూడా మిగలదు. అందుకే మిషన్ దొరికిందని కోయించకండి.

కోతకు ముందు మూడు చూసుకోండి. వడ్లు పోసే చోటు ముందే ఖాయం కావాలి, అది మెరకలో ఉండాలి. కుప్పకు సరిపడా టార్పాలిన్లు ఇంట్లో ఉండాలి, కేంద్రంలో ఇస్తారని నమ్ముకుని కాదు. వచ్చే నాలుగైదు రోజుల వాతావరణ సూచన చూడాలి. మన జిల్లా పేరు కోసమే కాదు, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట కోసం. ఆ మాట వినపడితే మిషన్ ఆపండి. కాకినాడ ఎక్కడ, మనమెక్కడ అనుకోవద్దు. మొంథా ఆ వైపు తీరంలోనే దాటింది, మునిగింది ఇక్కడ.

ఇప్పటికే కోసేసి ఉంటే కుప్ప మీద కప్పడం ఒక్కటే చాలదు. పైన టార్పాలిన్ చక్కగానే ఉంటుంది, నీళ్లు కింద నుంచి వస్తాయి. కుప్ప చుట్టూ కాలువ తీయండి, అడుగునా పరదా వేయండి. ఇంకొకటి, వాన ఆగినా భయంతో రెండు రోజులు కప్పే ఉంచుతారు. అప్పుడు పరదా ఎత్తితే లోపలి నుంచి ఆవిరి కొడుతుంది, చేయి పెడితే కాలుతుంది, అడుగు గింజలకు తెల్లటి మొలకలు వచ్చి ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాన ఆగిన వెంటనే పరదా తీసి గాలి తగలనివ్వండి. రాత్రికి మంచు పడుతుంది కాబట్టి పొద్దు కూకేసరికి మళ్లీ కప్పండి.

తడిసిన వడ్లను ఆరబెట్టే ఎండ లేకపోతే క్వింటాకు కిలో ఉప్పు, ఇరవై కిలోల పొడి ఊక కలపండి, మొలకెత్తడం ఆగుతుంది. పడిపోయిన చేను అయితే లీటరు నీళ్లకు యాభై గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చేయండి.

పత్తికి 8 నుంచి 12 శాతం తేమే లెక్క. పన్నెండు దాటితే సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనదు. తడి పత్తిని పొడి పత్తితో కలపొద్దు, కలిపితే మొత్తం తడి రేటే.

మంచు ఆరకముందు పత్తి ఏరొద్దు.

మక్కలు 14 శాతానికి దిగనిదే సంచుల్లో కట్టొద్దు, బూజు పడతాయి.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తీసుకెళ్లే రోజు ముందురాత్రి సూచన చూడండి. యార్డులో షెడ్డు కింద చోటు దొరుకుతుందని బయలుదేరొద్దు.

తడి చేతులతో మోటార్ స్టార్టర్ ముట్టొద్దు. చేలో తీగ తెగి పడి ఉంటే దగ్గరికి పోవద్దు, లైన్‌మెన్‌కు ఫోన్ చేయండి.

కుప్ప దగ్గర కాపలాకు ముసలివాళ్లను ఒంటరిగా పంపొద్దు. వడ్లు కొట్టుకుపోతుంటే ఆపడానికి నీళ్లలోకి దిగొద్దు. ఎవరూ దిగొద్దు.

నష్టం జరిగితే కుప్ప కదపకముందే ఫోటోలు తీయండి, ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) అదే రోజు చెప్పండి, పేరు రాసుకున్నారో లేదో దగ్గరుండి చూడండి.

పక్క మడి కోసినా సరే. డ్రైవర్ రేపు పోతానన్నా సరే. గంటకు వంద తగ్గిస్తానన్నా సరే. చోటు, పరదా, సూచన ఈ మూడూ చూడకుండా మిషన్‌ను మడిలోకి దించొద్దు.