చలికాలంలో తాబేలుకు పచ్చగడ్డి
షికాగోలో డిసెంబరు వచ్చిందంటే పెరట్లో పచ్చటి గడ్డిపోచ ఉండదు. మా సల్కాటా తాబేలుకేమో (ఇది ఆఫ్రికా నేల తాబేలు) గడ్డే ప్రధాన ఆహారం. కొట్లో కొన్న కుండీ గడ్డి దానికి రెండు పూటలకు చాలదు. అందుకే ఇంట్లోనే గోధుమగడ్డి పెంచుకోవడం మేలు.

ఒక కప్పు వంట గోధుమలు రాత్రంతా నానబెట్టి, ఒక రోజు తడిగుడ్డలో మూటకట్టండి. చిల్లులున్న ట్రేలో 2 అంగుళాల మందాన ఎరువు కలపని మట్టి పోసి, పెళ్లి పాలికల్లో నవధాన్యాల్లా ఒత్తుగా చల్లండి. రెండు రోజులు తడి కాగితం కప్పి, తర్వాత కిటికీ దగ్గర పెట్టి నీళ్లు చిలకరిస్తుంటే పది రోజులకల్లా 5, 6 అంగుళాలు ఎదుగుతుంది. అంగుళం వదిలి కోస్తే మళ్లీ వస్తుంది, కాస్త పలచగా. ఎండుగడ్డి మాత్రం మానకండి.

నీళ్లు ఎక్కువైతే బూజు పడుతుంది. వేళ్ల దగ్గరి తెల్లటి నూగు నీళ్లు చల్లగానే అణిగితే భయం లేదు. జిగటగా ఉండి ముక్క వాసన వేస్తే ట్రే మొత్తం పారేయాల్సిందే.