ఎండలు ముదరకముందే కారు ఆంప్ లెక్క చూసుకోండి

ఎండాకాలం పెళ్లిళ్లు మొదలైతే హనుమకొండ, కాజీపేటలో సబ్‌వూఫర్ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) పెట్టించుకునేవాళ్లు ఎక్కువవుతారు. రామగుండంలో ఎండ 45 డిగ్రీలకు చేరే రోజుల్లో, అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల ఇంకా వేడి. దాన్ని మోగించే ఆంప్, అంటే సౌండ్ పవర్ పెంచే యాంప్లిఫైయర్, ఉండేది ఆ డిక్కీలోనే. అందుకే పవర్ లెక్క ఇప్పుడే తేల్చుకోండి.

ఆంప్ పెట్టె మీద పెద్దగా రాసిన 2000 వాట్లను పట్టించుకోకండి. అది క్షణకాలం వచ్చే పీక్ లెక్క. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆంప్ ఆగకుండా ఇవ్వగలిగే పవర్. సబ్ 300 వాట్ల ఆర్‌ఎంఎస్ అయితే, దాని ఓమ్‌ల (కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే లెక్క) దగ్గర ఇంచుమించు 300 వాట్లు ఇచ్చే ఆంప్ తీసుకోండి. రెండు 4 ఓమ్ కాయిల్స్ (లోపలి తీగ చుట్టలు) ఉన్న సబ్‌ను పారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లు, సిరీస్‌గా కలిపితే 8. 4 ఓమ్‌ల వరకే తట్టుకునే ఆంప్‌కు 2 ఓమ్‌ల సబ్ తగిలిస్తే కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. ప్రొటెక్షన్ పడి ఆగిపోతే అదృష్టమే, లేదంటే కాలిపోతుంది.

చిన్న ఆంప్ పెడితే సబ్ భద్రం అనుకోవడం కూడా పొరపాటే. మా బాబాయి కొడుకు అలాగే పెట్టించి, బేస్ చాలడం లేదని ఆంప్ మీది గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పాడు. ములుగు దాటేసరికి కాలిన వాసన, కాయిల్ పోయింది. శక్తికి మించి తోస్తే ఆంప్ సిగ్నల్‌ను తెగ్గొడుతుంది, ఆ క్లిప్పింగ్‌తో కాయిల్‌లో వేడి పెరుగుతుంది. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టే నాబ్. స్టీరియోను ముప్పావు వంతు పెట్టి, బేస్ బూస్ట్ తీసేసి, సౌండ్ పగిలే చోటి నుంచి గెయిన్‌ను కాస్త వెనక్కి తిప్పండి.

500 వాట్ల క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్ పూర్తిగా మోగితే సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. ఏసీ, ఫ్యాన్, లైట్లతో పాటు దీన్నీ ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటరే మోయాలి. పవర్ రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే, అంటే చెవికి కొద్దిపాటి తేడానే, దానికోసం బ్యాటరీని బాధపెట్టకండి.

నాకు అసలు భయం వైరింగ్ గురించే. అసలైన రాగి వైరే అడగండి, అల్యూమినియం మీద రాగి పూత వేసింది వద్దు. బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజ్ ఉండాలి. డిక్కీలో ఆంప్ పక్కన ఫ్యూజ్ పెడితే, మధ్యలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలినప్పుడు ఆపేది ఏమీ ఉండదు, మంటలే. ఇంజన్ గది నుంచి వైరు లోపలికి వచ్చే రంధ్రానికి రబ్బరు తొడుగు వేయించండి. ఎర్త్ వైరును పెయింట్ గీకిన లోహానికే బిగించాలి.

ఆంప్‌ను కార్పెట్ కింద దాచకండి, చుట్టూ గాలి ఆడాలి. ఎండలో నిలిపిన కారులో పాట పెట్టేముందు అద్దాలు దించి, కాసేపు వేడి పోనివ్వండి.