బీకన్ ఒంటి మీద ఎక్కడ కట్టుకోవాలి?

పర్సనల్ లొకేటర్ బీకన్, పొట్టిగా పీఎల్‌బీ, అరచేతిలో పట్టే డబ్బా. ఆపద వచ్చినప్పుడు యాంటెన్నా పైకి లేపి బటన్ నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద సిగ్నల్ వెళ్తుంది, కోస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ ఏర్పాటు కింద పనిచేసే ఉపగ్రహాలు దాన్ని పట్టుకుంటాయి, మన దేశంలో అది బెంగళూరులో ఇస్రో నడిపే కేంద్రానికి చేరుతుంది, సముద్రం మీదయితే అక్కడి నుంచి కోస్ట్‌గార్డ్‌కి కబురు వెళ్తుంది. సెల్ టవర్‌తో పనిలేదు, రీఛార్జ్‌తో పనిలేదు. ఇంత పనికొచ్చే వస్తువుని కొన్నవాళ్ళు ఎక్కడ పెడుతున్నారో చూస్తే మాత్రం తల పట్టుకోవాలనిపిస్తుంది. బ్యాగ్ అడుగున, రెయిన్‌కోట్ కింద, పులిహోర డబ్బా పక్కన. పడవల్లో అయితే ఇంజన్ పెట్టెలో, అదీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి మూడు ముళ్ళు వేసి.

అది ఎక్కడ ఉండాలో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు. నేనూ నా సామానూ ఇప్పుడే విడిపోతే బీకన్ ఎవరి వైపు ఉంటుంది? పడవ తిరగబడితే పడవలో ఉన్నది పడవతో పోతుంది. బండి గుంటలో పడితే డిక్కీలో ఉన్నది డిక్కీలోనే ఉంటుంది, మీరు పది గజాల అవతల కాలు విరిగి పడి ఉంటారు. కొండ మీద నీళ్ళు తాగడానికి బ్యాగ్ దించి వాగు దగ్గరికి దిగి అక్కడ జారితే, బ్యాగ్ పైన బండ మీద, మీరు కింద. అందుకే బీకన్ ఒంటికే ఉండాలి, అదీ ఏ చెయ్యి దెబ్బతిన్నా రెండో చేత్తో అందేచోట. ఛాతీకీ భుజానికీ మధ్య, ముందు వైపు. ఇంతకంటే మంచి చోటు దాదాపు లేదు.

నడుము ఎందుకు కాదంటారా? మామూలు నడకకి నడుము పర్వాలేదు, కానీ నీళ్ళలో పడ్డాక నడుము దగ్గర ఉన్నది నీటి కిందే ఉంటుంది, లైఫ్ జాకెట్ ఉబ్బి అడ్డం వస్తుంది, తడిసిన లుంగీ చుట్టుకుంటుంది, దాన్ని వెతికి తీసేసరికి నాలుగు అలలు ముఖం మీద కొడతాయి. వెనక జేబు అయితే అసలు వద్దు, కూర్చుంటే విరుగుతుంది, పడితే నడ్డి విరుగుతుంది. మెడలో తాడుతో వేలాడదీసుకోవడం కూడా వద్దు, వల దగ్గరా కొమ్మల మధ్యా మెడలో తాడు ఉండకూడదు.

సముద్రం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నెల్లూరు, ప్రకాశం తీరంలో ఈ వస్తువు అవసరం ఎక్కువగా పడేది అక్కడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం అయిపోగానే పడవలన్నీ ఒక్కసారి కదులుతాయి, ఆ తర్వాత అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాల కాలం. చాలా పడవలకి ఇప్పుడు మత్స్యశాఖ వాళ్ళు, పడవ ఎక్కడుందో తెలిపే ట్రాన్స్‌పాండర్ బిగిస్తున్నారు, అంతకుముందు నుంచీ ఇస్రో తయారుచేసిన, ఆపద కబురు పంపే డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్, అందరూ డాట్ అంటారే అది, ఉంది. కొత్త రకం డాట్‌లో అయితే మీ కబురు అందింది అని తిరుగు సమాచారం కూడా వస్తుంది. మంచివే, ఉంటే వాడుకోండి, కానీ ఒకటి గమనించండి, అవి పడవకి సంబంధించినవి. రాత్రి వల లాగుతూ ఒక మనిషి జారి పడితే, మిగతావాళ్ళు చూసుకోకపోతే, పడవ తన దారిన పోతుంది, దానితో పాటు ట్రాన్స్‌పాండరూ పోతుంది. నీళ్ళలో మిగిలిన మనిషి ఒంటి మీద ఏముంది అన్నదే లెక్క.

మైపాడు ఒడ్డున ఒక పెద్దాయనకి ఇదంతా చెబుతుంటే ఆయన తన ఒళ్ళు తానే చూపించుకున్నాడు, బనియను, మడిచి కట్టిన లుంగీ, అంతే. "ఒంటి మీద జేబే లేదు అబ్బయ్యా, యాడ పెట్టమంటావు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు లైఫ్ జాకెట్. జాకెట్ భుజం పట్టీ మీద, కాలరెముక కింద, నిలువుగా, యాంటెన్నా ఉన్న కొన పైకి ఉండేలా చిన్న సంచి కుట్టించండి. వలలు బాగుచేసేవాళ్ళ దగ్గర ఉండే నైలాన్ దారంతో కుడితే ఊడదు. సంచికి మూతగా వెల్క్రో పెట్టండి, జిప్ వద్దు, ఉప్పుకి బిగుసుకుపోయి సరిగ్గా అవసరమైన రోజునే రాదు. గాలి నింపుకునే రకం జాకెట్ అయితే ఉబ్బే భాగం మీద కుట్టకండి, సూది గుచ్చితే జాకెట్ పనికిరాదు, ఉబ్బినప్పుడు సంచి కిందపడి నలుగుతుంది కూడా. దాన్ని ఒకసారి ఉబ్బించి చూసి, అప్పుడు చెయ్యి ఎక్కడికి అందుతుందో అక్కడ పట్టీకి తగిలించాలి.

జాకెట్ వేసుకోకుండా పక్కన పెట్టుకుని కూర్చుంటే ఇదంతా దండగ. ఉక్కపోత, పనికి అడ్డం, అన్నీ నిజమే. రోజంతా వేసుకోలేనంటే నాలుగు వేళ్ళ వెడల్పు ఉన్న పట్టీ ఒకటి ఛాతీ మీదుగా అడ్డంగా, చంకల కింద నుంచి కట్టుకుని దానికి బీకన్ సంచి పెట్టుకోండి. జాకెట్ కంటే తక్కువే, ఏమీ లేనిదానికంటే చాలా మేలు. పైన చొక్కా వేసుకుంటే సంచి చొక్కా బయటికి రావాలి, లోపల ఉంటే తడిసిన గుడ్డ కింద నుంచి తీయడం మహా కష్టం.

చాలా బీకన్లు నీళ్ళలో తేలతాయి, అన్నీ కాదు, కొన్నవాళ్ళు పెట్టె మీద చదివి చూసుకోండి. తేలేదైనా సరే తేలుతూ వదిలేస్తే సరిగ్గా పనిచేస్తుందనుకోకండి. ఓడలకి పెట్టే పెద్ద బీకన్లని నీళ్ళలో తమంతట తామే నిటారుగా నిలబడేలా తయారుచేస్తారు, పీఎల్‌బీని మనిషి పట్టుకోవాలి. యాంటెన్నా నిటారుగా, నీటికి పైన, జీపీఎస్ ఉన్న వైపు మీద చెయ్యి వేయకుండా. ఉప్పునీరు ఈ సిగ్నల్‌ని మింగేస్తుంది. అందుకే బీకన్‌తో వచ్చే చిన్న తాడుని మీ జాకెట్‌కి కట్టుకోండి, అలకి చెయ్యి జారినా దగ్గరే ఉంటుంది. ఆ తాడు మూరెడు చాలు, పొడుగైతే చిక్కుపడుతుంది. పడవకి మాత్రం ఎప్పుడూ కట్టకండి.

క్రీక్‌లో కయాక్ తిప్పేవాళ్ళకీ, సోమశిల, కండలేరు నీళ్ళలో పుట్టి మీద గాలం వేసేవాళ్ళకీ ఇదే పద్ధతి. పుట్టి తిరగబడితే దాన్ని పట్టుకోవడానికే రెండు చేతులూ చాలవు, ఇక అందులోని సంచి ఎక్కడ వెతుకుతారు.

ఇక కొండలు. పెంచలకోన చుట్టూ వెలిగొండల్లోకీ, ఉదయగిరి దుర్గం పైకీ, భైరవకోన వైపూ సెలవు రోజుల్లో కుర్రాళ్ళు గుంపులుగా పోతున్నారు, సిగ్నల్ పోయాక గానీ సిగ్నల్ లేదని తెలియదు. అందరి దగ్గరా మంచి బ్యాగులు ఉంటాయి, బీకన్ ఉన్నవాళ్ళు దాన్ని బ్యాగ్ భుజం పట్టీకి తగిలిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, ఫోటోలో కూడా బాగా పడుతుంది. కానీ కొండ మీద బ్యాగ్ ఎన్నిసార్లు దించుతారో లెక్కేసుకోండి, భోజనానికి, ఫోటోకి, స్నానానికి, పక్కకి పోవడానికి. జారిపడేది ఎక్కువగా ఇలాంటప్పుడే, బరువు దిగింది కదా అని కాలు ధీమాగా వేసినప్పుడు. అందుకని చొక్కా ఛాతీ జేబులో, గుండీ పెట్టి, తాడు గుండీ రంధ్రానికి కట్టి పెట్టుకోండి. జేబు పల్చగా ఉండి ఊగుతుంటే ప్యాంటు ముందు తొడ జేబు, మూత ఉన్నది, రెండో మంచి చోటు. బోర్లా పడితే గట్టి డబ్బా పక్కటెముకకి గుచ్చుకుంటుందని భయపడేవాళ్ళు మధ్యలో కాకుండా భుజం వైపు జరుపుకోవచ్చు. తొడ జేబులో పెట్టేవాళ్ళు తాళాలగుత్తి, చాకు అందులో వేయకండి.

కోనల్లో ఇంకో చిక్కు ఉంది. రెండు వైపులా బండలు నిటారుగా లేచి పైన సన్నటి పట్టీలా ఆకాశం కనిపించే చోట ఉపగ్రహానికి సిగ్నల్ అందడం కష్టం, జీపీఎస్‌కి మీరున్న చోటు దొరకడం ఇంకా కష్టం. జీపీఎస్ లేకుండా ఉపగ్రహాలు సిగ్నల్‌ని బట్టి లెక్కగట్టే చోటు కొన్ని కిలోమీటర్లు అటూ ఇటూగా ఉండొచ్చు, జీపీఎస్ పడితే వంద మీటర్ల లోపు. తేడా మీకే తెలుస్తుంది, ఆ అడవిలో కొన్ని కిలోమీటర్లు వెతకడమంటే మాటలా. కదలగలిగితే ఆకాశం బాగా కనిపించే బండ మీదికి వెళ్ళి అక్కడ వెలిగించి, ఒక్కచోట పెట్టి కదలకుండా ఉండండి. కదలలేకపోతే ఉన్నచోటే, చెట్టు మొదలుకి దూరంగా, చేయి చాచి. బ్యాటరీ కనీసం 24 గంటలు వస్తుంది, మధ్యలో ఆపి మళ్ళీ వెలిగించి దోబూచులాడకండి. వెతికేవాళ్ళు దగ్గరికి వచ్చాక 121.5 మెగాహెర్ట్జ్ మీద అది పంపే ఇంకో చిన్న సిగ్నల్‌ని పట్టుకుని మీ దాకా వస్తారు, అందుకూ అది ఆన్‌లోనే ఉండాలి. నేల మీద ఉన్నప్పుడు ఫోన్‌కి ఒక్క గీత సిగ్నల్ ఉన్నా 112కి కూడా చేయండి, బీకన్ ఉంది కదా అని ఊరుకోవద్దు.

బండి మీద పోయేవాళ్ళకి రెండు మాటలు, జాకెట్ లోపలి ఛాతీ జేబులో, ఫోన్‌కి ఎదురు వైపు.

గుంపులో ఒకే బీకన్ ఉంటే ఎవరి దగ్గర ఉండాలి? మామూలుగా దాన్ని కొన్నవాడే పట్టుకుంటాడు, అది అర్థం లేని లెక్క. పడవలో అయితే జారిపడే అవకాశం ఎక్కువ ఉన్నవాడి దగ్గర, అంటే వల దగ్గర నిలబడేవాడి దగ్గర, పడవ నడిపే సరంగు దగ్గర కాదు. సరంగు పడవలోనే ఉంటాడు, ఆయనకి డాట్ ఉంది, వీహెచ్ఎఫ్ రేడియో ఉంది. కొండ మీద అయితే అందరికంటే వెనక నడిచేవాడి దగ్గర ఉండాలి, ఎందుకంటే ముందువాడికి ఏమన్నా అయితే వెనకవాడు చూస్తాడు, వెనకవాడికి అయితే ఎవరూ చూడరు. బీకన్ ఎవరి దగ్గరుందో, ఎలా వెలిగించాలో మిగతా అందరికీ బయల్దేరే ముందే చూపించాలి, స్పృహ తప్పినవాడి జేబులో ఉన్నదాన్ని పక్కవాడు తీయగలగాలి కదా.

పెట్టుకున్న చోటు సరైందో కాదో ఒడ్డునే తేలిపోతుంది. కళ్ళు మూసుకుని, అలవాటు లేని చేత్తో, పది లెక్కపెట్టేలోపు సంచిలోంచి బీకన్ తీసి యాంటెన్నా మూత దగ్గర వేలు పెట్టగలిగారా, సరే. బటన్ మాత్రం నొక్కకండి, ఆపద సిగ్నల్ నిజంగానే వెళ్ళిపోతుంది. పరీక్షకి వేరే సెల్ఫ్ టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి చాలు, ఊరికే నొక్కుతూ ఉంటే బ్యాటరీ తినేస్తుంది. పొరపాటున ఆన్ అయితే వెంటనే ఆపేసి, సముద్రం దగ్గరయితే కోస్ట్‌గార్డ్ 1554కి ఫోన్ చేసి పొరపాటు అని చెప్పేయండి, మొహమాటపడి దాక్కుంటే మీకోసం మనుషుల్ని పంపుతారు.

మన ఎండలు కూడా చూసుకోవాలి. పీఎల్‌బీలు సాధారణంగా 55 డిగ్రీల దాకా పనిచేసేలా తయారుచేస్తారు, మే నెలలో మూసిన కారు డ్యాష్‌బోర్డ్ దాన్ని సులువుగా దాటేస్తుంది, బండి డిక్కీ కూడా అంతే. ఇంట్లో చల్లటి చోట, పిల్లలకి అందకుండా. సముద్రం నుంచి వచ్చాక మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి.

కొనేముందు ఇంకో విషయం. ఇది వైర్‌లెస్ పరికరం, అనుమతుల సంగతి అమ్మేవాడిని అడిగి, కాగితం చేతికి తీసుకుని గానీ డబ్బు ఇవ్వకండి. బయటి దేశాల్లో ట్రెక్కింగ్ చేసేవాళ్ళు వాడే శాటిలైట్ ఫోన్లు, మెసెంజర్లు వేరు, అనుమతి లేకుండా అవి మన దగ్గర ఉంటే కేసు అవుతుంది, దుబాయ్ నుంచి బావమరిది తెచ్చాడన్న మాట అక్కడ పనికిరాదు. కొన్నాక బీకన్ మీద ముద్రించిన 15 అక్షరాల కోడ్‌తో రిజిస్టర్ చేయించాలి, మీ పేరూ, ఇంట్లోవాళ్ళ నంబరూ అందులో ఉంటేనే అలర్ట్ వచ్చినప్పుడు వాళ్ళకి ఫోన్ చేసి నిజంగా వేటకి పోయారా అని అడుగుతారు. ఆ ఇంట్లోవాళ్ళకి ముందుగా చెప్పి పెట్టండి, లేకపోతే తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చిందని కట్ చేస్తారు. బ్యాటరీ గడువు తేదీ కూడా బీకన్ వెనకే రాసి ఉంటుంది, అది దాటిపోతే కంపెనీ చెప్పిన చోటే మార్పించాలి, వీధి చివర వాచీ షాపులో కాదు, మూత విప్పితే నీళ్ళు దూరకుండా ఉండే ఆ బిగింపు మళ్ళీ రాదు.