నెలలు నిండని కాన్పు, రక్తపరీక్షలు - 3వ పాఠం: పాజిటివ్ వస్తే ఎంత నమ్మాలి?

నెలలు నిండకుండా కాన్పవుతుందేమో ముందే తెలుసుకోవడానికి రక్తంలో వెతికే గుర్తులేవో పోయిన పాఠంలో చూశాం: వాపును చూపే సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6, మాయ నుంచి వచ్చే సీఆర్‌హెచ్ అనే హార్మోను, ఐజీఎఫ్‌బీపీ-4, ఎస్‌హెచ్‌బీజీ అనే రెండు ప్రొటీన్లకు మధ్య ఉన్న నిష్పత్తి. ఫీటల్ ఫైబ్రోనెక్టిన్ అనే ప్రొటీన్‌ను వీటితో కలపకండి, దాన్ని యోని స్రావంలో చూస్తారు. తెల్లకణాలు గర్భిణికి మామూలుగానే పెరుగుతాయి, అవి ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం.

ఇవాళ లెక్క. కాగితం, పెన్సిలు తీసుకోండి.

తిరుపతి ప్రసూతి ఆసుపత్రి ఓపీకి 100 మంది గర్భిణులు వచ్చారనుకుందాం. వాళ్లలో 10 మందికి 37 వారాలు నిండకముందే కాన్పవుతుంది. మన పరీక్ష ఆ పదిమందిలో ఏడుగురిని పట్టుకుంటుంది. మిగతా 90 మందిలో 72 మందికి సరిగ్గా నెగటివ్ చూపి, 18 మందికి అనవసరంగా పాజిటివ్ చూపుతుంది. ఈ అంకెలు పాఠం కోసం వేసుకున్నవే.

ఇప్పుడు పాజిటివ్ రిపోర్టులన్నీ ఒకచోట పెట్టండి. మొత్తం 25. అందులో నిజమయ్యేవి 7, అంటే నూటికి 28. నెగటివ్‌లు 75, అందులో నిజం 72, అంటే నూటికి 96. ఈ 96 చూసి మురిసిపోవద్దు. పరీక్ష చేయకముందే నూటికి 90 మందికి ఏ ఇబ్బందీ రాదని మనకు తెలుసు. పరీక్ష కలిపింది ఆరే.

అందుకే పలమనేరు నుంచి బస్సెక్కి వచ్చిన అమ్మాయికి ఒక్క రిపోర్టు చూపించి "నీకు ఏడో నెలలోనే కాన్పయిపోతుంది" అనడం అన్యాయం. ఆమె ఇల్లు చేరేదాకా ఏడుస్తుంది. ఇదివరకటి కాన్పు ఎన్ని వారాలకయిందో అడగండి. యోని ద్వారా తీసే స్కాన్‌లో గర్భసంచి ముఖద్వారం పొడవెంతో చూడాలి. 24 వారాలలోపు 25 మిల్లీమీటర్లకన్నా తగ్గితే డాక్టరు ప్రొజెస్టెరాన్ అనే హార్మోను మందు గురించి ఆలోచిస్తారు.

నెగటివ్ వచ్చినా సరే, నెలలు నిండకుండా నొప్పులు ఆగి ఆగి వస్తున్నా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా 108కి ఫోన్ చేయాల్సిందే. 34 వారాలలోపు కాన్పయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి, మొత్తం 4 ఇంజెక్షన్లు ఇస్తారు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజు దక్కించుకోవడానికే ఈ పరీక్షల కోసం ఇంత వెతుకులాట.

అభ్యాసం: ఈసారి వచ్చిన 100 మందికీ ఇదివరకు నెలలు నిండకుండా కాన్పయింది. వాళ్లలో 30 మందికి మళ్లీ అలాగే అవుతుంది. పరీక్ష పాతదే. 35 పాజిటివ్‌లలో 21 నిజమని వస్తే మీ లెక్క సరైనదే. నూటికి 28 కాస్తా నూటికి 60 ఎందుకయిందో రెండు వాక్యాల్లో రాసుకుని 4వ పాఠానికి రండి.