పొడి బ్రష్‌తో ఒళ్ళు రుద్దుకోవాలంటే

స్నానానికి ముందు, ఒంటిమీద చుక్క నీళ్ళు పడకముందే చేసే పని ఇది. బ్రష్ మరీ గరుకుది వద్దు. ముంజేతి లోపలివైపు గీసి చూడండి. గుచ్చుకుంటే అది బట్టలుతకడానికే. మా అత్తయ్య ఎండు బీరపీచుతోనే కానిచ్చేస్తారు. నేనైతే దాన్ని తడిపితే తప్ప ముట్టను.

పాదాల నుంచి పైకి, చేతివేళ్ళ నుంచి భుజాల వైపు, పొడవుగా, తేలిగ్గా లాగాలి. పొట్ట మీద ఇంకా మెత్తగా. చలికాలంలో పిక్కల మీద తెల్లగా పొట్టు లేస్తుంది చూడండి, అది రాలితే చాలు. చర్మం ఎర్రబడి మండిందంటే గట్టిగా రుద్దేశారన్నమాటే. మూడు నాలుగు నిమిషాలు, వారానికి ఒకట్రెండు సార్లు సరిపోతుంది.

ముఖం జోలికి వెళ్ళొద్దు. షేవింగ్, వ్యాక్సింగ్ చేసిన రోజు మానేయండి. పుండ్లు, తామర, ఎగ్జిమా, సోరియాసిస్ ఉన్నచోట అసలొద్దు. షుగర్ ఉండి పాదాలు మొద్దుబారినవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగాలి. ఒంట్లో విషాలు పోతాయి, కొవ్వు కరుగుతుంది అంటారు గానీ, వాటికి సరైన ఆధారాల్లేవు.

తర్వాత గోరువెచ్చటి నీళ్ళ స్నానం, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె. ఎవరి బ్రష్ వాళ్ళదే. వారానికోసారి సబ్బునీళ్ళతో కడిగి, కుచ్చు కిందికి ఉండేలా ఆరబెట్టండి. తడి బాత్‌రూంలో వదిలేస్తే బూజు పడుతుంది.